శ్రీలంక అంతర్యుద్ధంలో కాల్పుల విరమణ పర్యవేక్షణ: దౌత్య ప్రయత్నాల పరిశీలన (1983–2008)

సంధి, విరామం, విరమణ అనే మాటల మధ్య భేదం తెలుగు సాహిత్య భాషలో స్పష్టంగానే ఉన్నా పత్రికా భాషలో చాలావరకు చెరిగిపోయింది. శ్రీలంక ప్రభుత్వానికీ తమిళ సాయుధ సంస్థలకూ మధ్య పాతికేళ్లలో కుదిరిన ఒడంబడికలన్నింటినీ మనం సాధారణంగా ‘కాల్పుల విరమణ’ అనే ఒక్క మాటతోనే వ్యవహరిస్తున్నాం. నిజానికి 1995 జనవరిలో ఉభయపక్షాలు ఒప్పుకున్నది శత్రుచర్యల నిలిపివేతకు మాత్రమే. 2002 ఫిబ్రవరిలో సంతకం చేసినది పూర్తిస్థాయి కాల్పుల విరమణ ఒప్పందం. ఈ రెండింటి మధ్య తేడా పేరుతో ఆగదు. మాట తప్పిన పక్షాన్ని ఎవరు గుర్తించాలి, ఎవరు ప్రకటించాలి, ఆ ప్రకటనకు విలువ ఎక్కడినుంచి వస్తుంది అనే ప్రశ్నలకు 1995 నాటి పత్రం సగం జవాబు ఇచ్చి ఊరుకుంది. 2002 నాటి పత్రం ఆ జవాబును పూర్తిచేయడానికి పూనుకుంది. ఆ పూనిక ఎంతవరకు ఫలించిందో, ఎక్కడ విఫలమైందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాట నిలబెట్టుకుంటారన్న హామీ సమస్య కొత్తది కాదు. అర్థశాస్త్రం షాడ్గుణ్యాధికరణంలో కౌటిల్యుడు సంధికి ఆధారాలను చర్చిస్తూ శపథాన్ని, పూచీదారును, తాకట్టు మనిషిని పరిశీలించాడు. భారత కథలో ఉద్యోగపర్వం యావత్తూ రాయబారాల మయం. తెలుగువారికి ఆ ఘట్టం తిక్కన ద్వారానూ, తిరుపతి వేంకటకవుల నాటకాల ద్వారానూ కంఠస్థమే. అయితే ఆ రాయబారులందరూ ఏదో ఒక పక్షం పంపగా వచ్చినవారే. ఇరువురికీ చెందని మూడవ మనిషి ఆయుధం లేకుండా రెండు సేనల నడుమ నిలబడి, ఎవరు గీత దాటారో రాసిపెట్టుకునే పద్ధతి ప్రాచీన రాజనీతిలో కనిపించదు. తాకట్టు మనిషి స్థానంలో సాక్షిని నిలబెట్టడం ఇరవయ్యో శతాబ్ది దౌత్యం తెచ్చిన మార్పు. శ్రీలంకలో ఆ సాక్షి పాత్ర నాలుగుసార్లు నాలుగు రకాలుగా రూపొందింది కనుక, పర్యవేక్షణ అనే భావనను అధ్యయనం చేయడానికి ఆ దేశ చరిత్ర ప్రత్యేకంగా ఉపకరిస్తుంది.

తొలి ప్రయత్నాలు

1983 జూలై 23న యాళ్పాణం సమీపంలో పులుల దాడిలో 13 మంది సైనికులు మరణించారు. దాని వెంట కొలంబోలో, ఇతర పట్టణాలలో తమిళులపై మారణకాండ సాగింది. ఆ వారంలోనే ప్రధాని ఇందిరాగాంధీ తన విదేశాంగ మంత్రిని కొలంబోకు పంపారు. ఆ మంత్రి పి.వి.నరసింహారావు. శ్రీలంక సంక్షోభంలో భారత దౌత్యం తొలి అడుగు ఒక తెలుగువాడి ద్వారా పడిందన్న సంగతి పి.వి. జీవితంపై వచ్చే రచనలలో తరచు ఒక వాక్యంతో ముగిసిపోతుంది. ఆ పర్యటన తరువాత ప్రత్యేక దూతగా జి.పార్థసారథి రంగంలోకి వచ్చి, అధికార వికేంద్రీకరణ ప్రతిపాదనలపై జయవర్ధనే ప్రభుత్వంతో చర్చలు నడిపారు. ఆ దశలో ప్రశ్న రాజ్యాంగపరమైనది. తుపాకులను ఎలా ఆపాలన్నది ఇంకా ముందుకు రాలేదు.

అది ముందుకు వచ్చినది 1985లో. భారతదేశం ఒత్తిడితో జూన్ 18 నుంచి కాల్పుల విరమణ అమలులోకి వచ్చింది. జూలై, ఆగస్టు నెలలలో భూటాన్ రాజధాని థింపూలో చర్చలు జరిగాయి. చర్చలు సాగుతుండగానే ఆగస్టులో వవునియా ప్రాంతంలో పౌరులు హతులయ్యారు. తమిళ ప్రతినిధులు లేచి వెళ్లిపోయారు. అప్పుడుగాని పర్యవేక్షణ సంఘం అన్న ఆలోచన ఆచరణలోకి రాలేదు. శ్రీలంక పౌరులతోనే ఏర్పడిన ఆ సంఘానికి తన ఆజ్ఞను ఎవరిచేతా పాటింపజేసే అధికారం లేదు, ఉభయపక్షాల గౌరవమూ దక్కలేదు. అది విరమణ చితికిపోయిన తరువాత పుట్టిన పర్యవేక్షణ. ఆ క్రమమే దాని వైఫల్యానికి చాలినంత కారణం.

1987 జూలై 29 నాటి భారత–శ్రీలంక ఒప్పందం మరో కొసకు వెళ్లింది. 48 గంటలలో కాల్పులు ఆగాలనీ, 72 గంటలలో ఆయుధాలు అప్పగించాలనీ అది గడువులు పెట్టింది. శత్రుచర్యలు ఆగేటట్లు చూసే బాధ్యతకు శ్రీలంక అధ్యక్షుడు ఆహ్వానించిన మీదట భారత శాంతి పరిరక్షక దళం వెళ్లింది. సాక్షి ఇక్కడ సాయుధుడు. అంతేకాదు, ఒప్పందంపై సంతకం చేసిన రెండు పక్షాలలో తానూ ఒకడు. ఆయుధాలు వదలవలసిన పులులు ఆ పత్రంపై సంతకం చేయలేదు. అక్టోబరు నాటికి దళానికీ పులులకూ మధ్య యుద్ధం మొదలైంది. 1990 మార్చిలో చివరి భారత సైనికుడు ట్రింకోమలీ విడిచి వచ్చేనాటికి సుమారు 1,200 మంది భారత సైనికులు ప్రాణాలు కోల్పోయారు. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్‌గాంధీ హత్య, మరుసటి ఏడాది పులులపై భారత నిషేధం – వీటి తరువాత ఢిల్లీ మళ్లీ మధ్యవర్తి పీఠంపై కూర్చునే అవకాశం లేకపోయింది. పొరుగున ఉన్న పెద్ద దేశం చేయలేని పనిని దూరాన ఉన్న చిన్న దేశం చేయవలసి రావడానికి నేపథ్యం ఇదే.

1995: నమూనా పత్రం

1994 చివర అధికారానికి వచ్చిన చంద్రికా కుమారతుంగ, పులుల నాయకుడు ప్రభాకరన్ వేర్వేరు చోట్ల సంతకాలు చేసిన శత్రుచర్యల నిలిపివేత 1995 జనవరి 8న అమలులోకి వచ్చింది. ఆ పత్రం క్లుప్తమైనది. కాని 2002 నాటి ఒప్పందాన్ని దాని పక్కన పెట్టి చదివితే పరిశోధకునికి ఒక ఆసక్తికరమైన విషయం గోచరిస్తుంది. రెండు సేనల నడుమ కనీసం 600 మీటర్ల ఎడం ఉండాలన్న నిబంధన, తన కందకాల వరుస నుంచి 100 మీటర్ల మేర కదిలే హక్కు, జిల్లాకొక సంఘం, ఆ సంఘంలో ప్రభుత్వం తరఫున ఇద్దరు, పులుల తరఫున ఇద్దరు, అధ్యక్షస్థానంలో ఒక విదేశీయుడు – ఇవన్నీ 1995లోనే ఉన్నాయి. 2002లో నార్వే దౌత్యవేత్తలు సృష్టించినట్లు చెప్పుకునే యంత్రాంగపు అస్థిపంజరం ఏడేళ్ల ముందే తయారై ఉంది.

లేనిది ఏమిటి? ఆ విదేశీయులకు పైనుంచి దిశానిర్దేశం చేసే కేంద్ర సంస్థ లేదు. నార్వే, కెనడా, నెదర్లాండ్స్ దేశాల నుంచి ప్రతినిధులు వచ్చారు గాని, వారి పని ఎలా మొదలు కావాలన్న విషయంలోనే లేఖల మీద లేఖలు నడిచాయి. సంఘాలు సరిగా పని ప్రారంభించనే లేదు. విరమణను రద్దు చేయదలచిన పక్షం 72 గంటల ముందు తెలియజేయాలని పత్రంలో ఉంది. ఆ గడువుతో నిమిత్తం లేకుండానే ఏప్రిల్ 19న ట్రింకోమలీ రేవులో రెండు నావికాదళ నౌకలను పులులు ముంచివేశారు. మూడవ ఈళం యుద్ధంగా పిలిచే దశ అప్పుడు మొదలైంది. ఆ విరమణ ఆయుష్షు సుమారు నూరు రోజులు.

ఓస్లో ప్రవేశం

నార్వే మధ్యస్థ ప్రయత్నాలు బహిరంగమైనది 2000 ఫిబ్రవరిలో. ప్రత్యేక దూత ఎరిక్ సోల్‌హైమ్ ఆ ఏడాది చివర వన్ని అరణ్య ప్రాంతానికి వెళ్లి ప్రభాకరన్‌ను కలిశాడు. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. నార్వే తనను మధ్యవర్తి అనుకోలేదు, సంధానకర్త అనుకుంది. పరిష్కారాన్ని సూచించేవాడు మధ్యవర్తి. ఉభయుల మాటలను ఒకరినుంచి ఒకరికి చేరవేసి, కూర్చోవడానికి చోటు కల్పించేవాడు సంధానకర్త. సింహళ జాతీయవాద పత్రికలు ఈ భేదాన్ని ఎన్నడూ అంగీకరించలేదు. తరువాతి పరిణామాలను చూస్తే వారి అనుమానానికి పూర్తిగా ఆధారం లేదనలేము. పర్యవేక్షక బృందానికి అధిపతిని నియమించే అధికారం కూడా నార్వేకే దక్కినప్పుడు ‘మేము మాటలు మోసేవాళ్లమే’ అనే వాదన బలహీనపడింది.

2001 నాటికి ఉభయపక్షాలూ అలసిపోయాయి. అంతకు ముందరి ఏడాది ఏప్రిల్‌లో ఏనుగుల కనుమ సైనిక స్థావరం పులుల వశమైంది. 2001 ఏప్రిల్‌లో దానిని తిరిగి పట్టుకోవడానికి సైన్యం చేసిన ప్రయత్నం విఫలమైంది. జూలై 24న కటునాయక విమానాశ్రయంపై దాడిలో యుద్ధవిమానాలతోపాటు ప్రయాణికుల విమానాలు కూడా ధ్వంసమయ్యాయి. స్వాతంత్ర్యానంతరం మొదటిసారిగా ఆ ఏడాది దేశ ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది. సెప్టెంబరు 11 తరువాత ప్రపంచ వాతావరణం మారి, విదేశాలలో నిధుల సేకరణ పులులకు కష్టమైంది. డిసెంబరు ఎన్నికలలో రణిల్ విక్రమసింఘే ప్రధాని అయ్యాడు. పులులు డిసెంబరు 24 నుంచి ఏకపక్షంగా కాల్పులు ఆపారు, కొత్త ప్రభుత్వమూ అలాగే స్పందించింది. ఈ సందు దొరకగానే నార్వే రాయబారి జాన్ వెస్ట్‌బోర్గ్ ముసాయిదాను అటూ ఇటూ మోసి తుదిరూపానికి తెచ్చాడు.

2002 ఫిబ్రవరి ఒప్పందం

ప్రభాకరన్ ఫిబ్రవరి 21న, విక్రమసింఘే మరునాడు వవునియాలో సంతకం చేశారు. 23వ తేదీ సున్నా గంటలనుంచి ఒప్పందం అమలులోకి వచ్చింది. రాజ్యాంగం ప్రకారం సర్వసైన్యాధిపతి అయిన అధ్యక్షురాలు కుమారతుంగ ఈ ముసాయిదాపై ముందుగా సంప్రదింపులకు నోచుకోలేదు. ఒప్పందానికి తొలిరోజునుంచే పట్టిన చీడ ఇది. పులులవైపు ఒకే గొంతు ఉండగా, కొలంబోలో రెండు అధికార కేంద్రాలు ఉన్నాయి. ఒప్పందం ఒక కేంద్రంతోనే కుదిరింది.

పత్రంలో నాలుగు భాగాలున్నాయి. మొదటిది సైనిక విషయాలు. రెండవది సాధారణ జీవనాన్ని పునరుద్ధరించే చర్యలు. మూడవది పర్యవేక్షణ. నాలుగవది అమలు, సవరణ, రద్దు. రెండవ భాగానికి చరిత్రకారులు తగినంత ప్రాధాన్యం ఇవ్వలేదని నా అభిప్రాయం. చిత్రహింస, బెదిరింపు, అపహరణ, బలవంతపు వసూళ్లు, వేధింపు – పౌరులపై జరిగే ఈ చర్యలను కూడా కాల్పుల విరమణ ఉల్లంఘనల పరిధిలోకి ఈ భాగం తెచ్చింది. సైన్యం ఆక్రమించిన పాఠశాలలు, ఆలయాలు, ప్రభుత్వ భవనాలు ఖాళీ కావాలని గడువులు పెట్టింది. కాండీ–యాళ్పాణం రహదారి తెరుచుకోవాలంది. ఆ రహదారి 2002 ఏప్రిల్‌లో తెరుచుకున్నప్పుడు, ఏళ్ల తరబడి ఓడ మీదనో విమానంలోనో తప్ప దక్షిణాదికి రాలేని యాళ్పాణం ప్రజలు బస్సెక్కి రాగలిగారు. దీవి ఉత్తర భాగంలో ఒప్పందం అనే మాటకు సామాన్యుని నిఘంటువులో అర్థం ఆ రహదారే.

పర్యవేక్షక బృందంలో సభ్యులు నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, డెన్మార్క్, ఐస్లాండ్ దేశాలవారు. మొత్తం సంఖ్య అరవై అటూ ఇటూ. వారి వద్ద ఆయుధాలు లేవు. కొలంబోలో ప్రధాన కార్యాలయం, యాళ్పాణం, మన్నార్, వవునియా, ట్రింకోమలీ, మట్టక్కళప్పు, అంపార జిల్లాలలో స్థానిక సంఘాలు. 1995 నమూనాలో లేని కేంద్ర సంస్థ ఇప్పుడు వచ్చింది. ఒప్పందానికి భాష్యం చెప్పడంలో బృందాధిపతి మాటే అంతిమం అని మూడవ భాగం నిర్దేశించింది. మొదటి అధిపతి నార్వేకు చెందిన విశ్రాంత సేనాని ట్రాండ్ ఫురుహోవ్డే.

స్థానిక సంఘాలలో ఉభయపక్షాల నామినీలు విశ్రాంత న్యాయమూర్తులు, ప్రభుత్వోద్యోగులు, మతపెద్దలు వంటివారై ఉండాలన్న సూచన ఉంది. ముస్లింలకు విడిగా స్థానం లేదు. 1990లో ఉత్తర ప్రాంతం నుంచి పులులు వెళ్లగొట్టిన ముస్లింలు వేలాదిగా పుత్తళం శిబిరాలలో ఉన్నారు. వారి కష్టాన్ని పీఠికలో ప్రస్తావించి, యంత్రాంగంలో మాత్రం వారిని విస్మరించారు. తూర్పు తీరంలో ప్రతి మూడవ మనిషి ముస్లిం అయిన ప్రాంతంలో ఇది చిన్న లోపం కాదు. అక్కడ ఒప్పందం వచ్చిన ఏడాదిలోనే తమిళ–ముస్లిం ఘర్షణలు తలెత్తినప్పుడు వాటిని ఏ పక్షపు ఖాతాలో వేయాలో బృందానికి తోచలేదు.

సముద్రం మీద గీత లేదు

భూమిమీద 600 మీటర్ల గీత ఉంది. సముద్రంమీద అటువంటిది లేదు. ఒప్పందంలోని మౌనాలలో అత్యంత ఖరీదైనది ఇదే. నావికా దాడులను పత్రం నిషేధించింది. అదే సమయంలో, పులులపై దాడికి దిగకుండా దేశ సార్వభౌమత్వాన్ని, ప్రాదేశిక సమగ్రతను కాపాడే విధిని సైన్యం కొనసాగించవచ్చు అన్నది. ఆయుధాలు తెస్తున్న పడవను నావికాదళం ఆపితే అది విధి నిర్వహణా, దాడా? పులుల సముద్ర విభాగం శిక్షణ కోసం తీరంలో తిరిగితే అది ఉల్లంఘనా, కాదా? పత్రంలో జవాబు లేదు.

2003 ఫిబ్రవరి 7న డెల్ఫ్ట్ ద్వీపం దగ్గర ఒక పులుల పడవను తనిఖీ చేయడానికి పర్యవేక్షకులు ఎక్కారు. అందులో ఆయుధాలు దొరికాయి. పడవలోని ముగ్గురు పులులు దానిని తమతోసహా తగలబెట్టుకున్నారు. పర్యవేక్షకులు సముద్రంలోకి దూకి ప్రాణాలు దక్కించుకున్నారు. మార్చి, జూన్ నెలలలో మరో రెండు పులుల నౌకలు నావికాదళంతో ఎదురుపడిన సందర్భాలలో మునిగిపోయాయి. ఈ దశలో బృందాధిపతి ట్రిగ్వే టెల్లెఫ్సెన్ సముద్ర పులులను వాస్తవంగా ఉన్న ఒక నావికా బలంగా గుర్తించి, వారి కదలికలకు హద్దులు నిర్ణయించాలని ప్రతిపాదించాడు. ఆచరణ దృష్టితో అది సమంజసమైన సూచనే. లేని గీతను గీయడానికి మరో మార్గం లేదు. కాని ఒక సార్వభౌమ రాజ్యం తన జలాలలో రెండవ నావికాదళాన్ని గుర్తించడమంటే వేర్పాటును సగం ఒప్పుకున్నట్లే అని కొలంబో భావించింది. ప్రతిపాదన వీగిపోయింది. ఆ శరదృతువులో, పులుల నౌక ఒకదాని విషయమై నావికాదళ సమాచారాన్ని ముందే పులులకు చేరవేశాడన్న ఆరోపణతో టెల్లెఫ్సెన్‌ను తొలగించాలని అధ్యక్షురాలు నార్వేను కోరింది. ఆయన స్థానంలోకి ఫురుహోవ్డే తిరిగి వచ్చాడు.

మూడేళ్ల తరువాత ఇదే ప్రశ్నకు బృందం సరిగ్గా వ్యతిరేకమైన సమాధానం చెప్పింది. 2006 మే 11న 700కు పైగా సైనికులను తీసుకుపోతున్న నౌకపై సముద్ర పులులు దాడికి వచ్చారు. ఆ నౌకలో ఒక పర్యవేక్షకుడు కూడా ఉన్నాడు. శ్రీలంక చుట్టూ ఉన్న సముద్రం ప్రభుత్వ నియంత్రణలోనిదనీ, రాజ్యేతర శక్తులకు సముద్రజలాలపైన గాని ఆకాశంపైన గాని అధికారం ఉండజాలదనీ బృందం ఆనాడు ప్రకటించింది. పులులు దీనిని తీవ్రంగా ఖండించారు. అంతిమ భాష్యాధికారం ఉన్న సంస్థ ఒకే పత్రాన్ని రెండు రకాలుగా చదవవలసి వచ్చిందంటే దోషం చదువరిదా, పత్రానిదా అని అడగాలి. నా దృష్టిలో దోషం పత్రానిది. సంతకం త్వరగా రాబట్టాలన్న ఆత్రంలో దౌత్యవేత్తలు కఠినమైన ప్రశ్నను వదిలేశారు. ఆ ప్రశ్న పర్యవేక్షకుల నెత్తిన పడింది.

లెక్కలు, తీర్పులు

బృందం పనితీరు ఇలా ఉండేది: స్థానిక కార్యాలయానికి ఫిర్యాదు వస్తుంది, పర్యవేక్షకులు ఆ చోటికి వెళ్లి విచారిస్తారు, ఉల్లంఘన జరిగిందో లేదో నిర్ణయం ప్రకటిస్తారు. 2002 నుంచి 2007 మొదటి నెలల వరకు ఈ విధంగా నిర్ధారణ అయిన ఉల్లంఘనలలో పులులవి 3,800కు పైగా, ప్రభుత్వానివి 350 మేర. పదింట తొమ్మిది పులులవే అన్నమాట. కొలంబో పత్రికలకు ఈ నిష్పత్తి పెద్ద ఆయుధమైంది. పులుల మద్దతుదారులు దీనిని పక్షపాతానికి నిదర్శనంగా చూపారు.

రెండు వాదనలూ అంకెలను తప్పుగా చదివాయి. పులుల ఖాతాలో అత్యధిక భాగం బాలబాలికలను దళాలలో చేర్చుకున్న ఉదంతాలు. బడికి పోయిన పిల్లవాడు ఇంటికి రాకపోతే తల్లి పర్యవేక్షకుల కార్యాలయానికి వచ్చి ఫిర్యాదు చేస్తుంది, తీసుకుపోయినది ఎవరో ఊరందరికీ తెలుసు. నిర్ధారణ తేలిక. ఇందుకు భిన్నంగా, రాత్రివేళ మోటారుసైకిలుపై వచ్చి కాల్చిపోయినవాడు ఎవరో తేల్చడం నిరాయుధులైన అరవై మంది విదేశీయులకు అసాధ్యం. ప్రత్యర్థి తమిళ సంస్థల కార్యకర్తలు, సైనిక గూఢచారులు, తరువాత పులుల రాజకీయ కార్యకర్తలు వరుసగా హతులైనప్పుడు చాలా ఉదంతాలు నిర్ధారణకు రాలేదు. 2004 మార్చిలో తూర్పు సేనాని కరుణ విడిపోయిన తరువాత ఇది మరింత జటిలమైంది. ఒప్పందంలో ఆ చీలిక వర్గం అనే పక్షమే లేదు. ప్రభుత్వ ప్రాంతంలోని తమిళ సాయుధ ముఠాలను 30 రోజులలో నిరాయుధం చేయాలన్న నిబంధన కరుణ వర్గానికి వర్తిస్తుందని పులులు, ఒప్పందంనాటికి లేని ముఠాకు వర్తించదని ప్రభుత్వం వాదించాయి. కనుక ఆ అంకెలు చెప్పేది హింస పరిమాణం కాదు. ఎటువంటి హింసను చూడగలిగారో అదే చెబుతాయి. అయినా ఆ వేల కాగితాలను తక్కువ చేయరాదు. ఆ పిల్లల పేర్లు మరో చోట ఎక్కడా నమోదు కాకపోను.

పర్యవేక్షకుడు నిర్ణయం ప్రకటించిన తరువాత ఏమవుతుంది? ఏమీ కాదు. ఒప్పందంలో శిక్ష లేదు. 2003 జూన్‌లో టోక్యో సదస్సులో దాత దేశాలు సుమారు 450 కోట్ల డాలర్ల సహాయాన్ని వాగ్దానం చేసి, దానిని శాంతి ప్రక్రియ పురోగతితో ముడిపెట్టాయి. పర్యవేక్షణకు లేని కోరలు ధనసహాయం సమకూరుస్తుందని ఆశ. అయితే పులులు ఆ సదస్సుకు రానే లేదు. అమెరికాలో వారిపై నిషేధం ఉన్నందున అదే ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో జరిగిన సన్నాహక సమావేశానికి వారిని పిలవలేదు. ఆ అవమానాన్నీ ఒక కారణంగా చూపి వారు ఆరు విడతలు సాగిన చర్చలనుంచి వైదొలగారు. ఒకవైపు సమాన పక్షమని చర్చల బల్లవద్ద కూర్చోబెట్టడం, మరోవైపు ఉగ్రవాద సంస్థ అని గడపవద్ద ఆపడం – ఈ రెండు విధానాలనూ అంతర్జాతీయ సమాజం చివరివరకు పొసగించలేకపోయింది.

ఈ సందర్భంలో మన రాష్ట్రపు అనుభవం జ్ఞాపకం వస్తుంది. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ నక్సలైట్ పార్టీలకూ మధ్య ఎస్.ఆర్.శంకరన్ నాయకత్వంలోని పౌర స్పందన వేదిక కృషితో కాల్పులు ఆగాయి. అక్టోబరులో హైదరాబాదులో నాలుగు రోజులు చర్చలు జరిగాయి. శ్రీలంకతో దీనిని సమానం చేయడం సరికాదు. అక్కడ భూభాగం, సైన్యం, నౌకలు ఉన్న సంస్థ, విదేశీ ప్రభుత్వాల ప్రమేయం. ఇక్కడ పౌరసమాజమే సంధానకర్త. కాని ఒక సామ్యం ఉంది. గ్రామాలలో దళాలు ఆయుధాలతో తిరగవచ్చునా అన్న ప్రశ్న, సముద్ర పులుల ప్రశ్నలాగే, మొదట తేలకుండా మిగిలి చివరకు అన్నింటినీ మింగింది. 2005 జనవరిలో నక్సలైట్లు చర్చలనుంచి వైదొలగే నాటికి, ఎదురుకాల్పులు ఎవరు మొదలుపెట్టారో ఇరుపక్షాలూ ఒప్పుకునేలా చెప్పగల వ్యవస్థ ఏర్పడలేదు.

సాక్షుల నిష్క్రమణ

2005 ఆగస్టు 12న విదేశాంగ మంత్రి లక్ష్మణ్ కదిర్‌గామర్ హత్య, నవంబరులో మహింద రాజపక్స ఎన్నిక, 2006 ఏప్రిల్‌లో సైన్యాధిపతి శరత్ ఫొన్సేకాపై ఆత్మాహుతి దాడి – వీటి నడుమ ఫిబ్రవరిలో జెనీవాలో జరిగిన చర్చలు ఒప్పందాన్ని గౌరవిస్తామన్న ప్రకటనతో ముగిశాయి. ఆ ప్రకటన కొన్ని వారాలు కూడా నిలవలేదు. మే చివర ఐరోపా సమాఖ్య పులులను నిషేధిత సంస్థల జాబితాలో చేర్చింది. దానికి ప్రతిగా, సమాఖ్య సభ్యదేశాలైన స్వీడన్, ఫిన్లాండ్, డెన్మార్క్ పర్యవేక్షకులు వెళ్లిపోవాలని పులులు పట్టుబట్టారు. సెప్టెంబరు నాటికి వారు వెళ్లారు. మిగిలినది నార్వే, ఐస్లాండ్ దేశాలవారు, ఇరవై ముప్పై మంది. నిషేధం విధించిన రాజధానులకు ఈ పరిణామం తెలియనిది కాదు. పులులపై ఒత్తిడి పెంచదలచి, ఒత్తిడి ఫలితాన్ని కొలిచే కళ్లనే పోగొట్టుకున్నారు.

జూలై చివర తూర్పున మావిల్ ఆరు తూము మూతతో యుద్ధం తిరిగి రాజుకుంది. తూము తెరిపించడానికి అప్పటి బృందాధిపతి, స్వీడన్‌కు చెందిన ఉల్ఫ్ హెన్రిక్‌సన్ స్వయంగా వెళ్లినప్పుడు ఆ ప్రాంతంపై సైన్యం ఫిరంగులు పేలాయి. ఆగస్టులో మూతూరులో ఒక ఫ్రెంచి సహాయ సంస్థకు చెందిన 17 మంది స్థానిక ఉద్యోగులను కాల్చి చంపారు. ఆ హత్యలకు ప్రభుత్వ భద్రతా దళాలు బాధ్యులని బృందం నిర్ణయం ప్రకటించింది. ప్రభుత్వం దానిని తిరస్కరించింది. నాలుగేళ్లలో బృందం వెలువరించిన వేల నిర్ణయాలలో ఇంత ధైర్యంతో కూడినది మరొకటి లేదు. అది వెలువడిన కొద్ది రోజులకే హెన్రిక్‌సన్, ఇతర స్వీడన్‌వారు దేశం విడిచారు. యాళ్పాణం రహదారి ఆగస్టులోనే మూతపడింది. అక్టోబరులో మళ్లీ జెనీవాలో కూర్చున్నప్పుడు ఆ రహదారి తెరవడంపైనే మాట కుదరక చర్చలు ఆగిపోయాయి.

ఒప్పందాన్ని రద్దు చేసుకోదలచిన పక్షం నార్వే ప్రభుత్వానికి 14 రోజుల ముందు తెలియజేయాలని నాలుగవ భాగం చెబుతుంది. 2008 జనవరి 2న శ్రీలంక మంత్రివర్గం వైదొలగాలని నిర్ణయించి, నిబంధన ప్రకారం నార్వేకు లేఖ ఇచ్చింది. జనవరి 16న ఒప్పందం ముగిసింది. అందులో గడువుతో సహా అక్షరాలా పాటించిన నిబంధన ఇదొక్కటే కావచ్చు. చివరి అధిపతి లార్స్ సోల్‌బర్గ్ నేతృత్వంలోని పర్యవేక్షకులు కార్యాలయాలు మూసి వెళ్లిపోయారు. ఆ సెప్టెంబరులో వన్ని ప్రాంతంనుంచి ఐక్యరాజ్యసమితి విదేశీ సిబ్బంది కూడా వెళ్లవలసి వచ్చింది. 2009 మే నెలలో యుద్ధం ముగిసింది. ఆఖరి నెలలలో మరణించిన పౌరుల సంఖ్య 40,000 వరకు ఉండవచ్చునని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి నియమించిన నిపుణుల సంఘం 2011లో పేర్కొంది. శ్రీలంక ప్రభుత్వం ఆ అంకెను అంగీకరించలేదు. 2002లో ఒక పిల్లవాడు కనిపించకపోతే ఏ తేదీన, ఏ ఊరిలో, ఎవరు తీసుకుపోయారో రాసిపెట్టిన కార్యాలయాలు ఆ తీరంలో అప్పటికి లేవు.